గొల్లపల్లి వీణ: కొనేటప్పుడు గురువును వెంట తీసుకెళ్లండి

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు చెక్కే వీణకు ఏకాండి పనితనం వల్లే పేరొచ్చింది. కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), దండి (మెట్లు ఉండే పొడవాటి మెడ) రెండూ ఒకే పనస దుంగలోంచి వస్తాయి. అవి కలిసేచోట వేలితో తడిమి చూడండి, అతుకు తగలకూడదు. పై పలక, దండి చివరుండే యాళి (సింహంలాంటి జంతువు) ముఖం మాత్రం విడిగా చేసి బిగించేవే, అది లోపం కాదు. చెక్కపనిలో ఈ ఊరికి వంక పెట్టలేం.

నాదం మాత్రం చెక్కతోనే తేలదు. తీగలు ఆనే గుర్రం మీది లోహపు రేకును ఎంత వంపుగా అరగదీశారు, మేళం (వేళ్లతో నొక్కే మెట్ల అమరిక) ఎలా కట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. వైణికులకూ పనివాళ్లకూ మధ్య స్నేహం అక్కరకొచ్చేది ఇక్కడే. తీగ మరీ ఎత్తుగా ఉంటే నొక్కగానే శ్రుతి పైకి పోతుంది, వేళ్లు కోసుకుంటాయి. మరీ దిగితే పక్క మెట్టుకు తగిలి చిరచిరమంటుంది. ఒకే మెట్టు మీద మూడు నాలుగు స్వరాలు లాగే చేతికి కుదిరిన ఎత్తు, మీటులు ఎక్కువగా వేసే చేతికి కుదరకపోవచ్చు. ఏళ్లుగా ఒకే చేతిని వింటున్న పనివాడు అడగకుండానే ఆ తేడా పట్టేస్తాడు. మెట్లు ఎక్కడ అరిగాయో చూసి, ఏ స్వరం దగ్గర బలం ఎక్కువ పెడుతున్నారో చెప్పగలడు. ఆ మాట విని సాధన సరిదిద్దుకునే వైణికులకు వీణ, బాణీ రెండూ బాగుపడతాయి. ఫోన్లో ఆర్డరిస్తే ఇదంతా పోయి, అందరికీ సరిపోయే సగటు అమరికే చేతికొస్తుంది.

మీ గురువు చేత అక్కడే వాయించి చూపించండి. మొత్తం 24 మెట్లు. వాయించే నాలుగు తీగల్నీ ఒక్కొక్కటిగా 12వ మెట్టు మీద నొక్కితే ఖాళీ తీగ స్వరమే పై స్థాయిలో పలకాలి. సారణిలో (అన్నిటికన్నా పై శ్రుతి తీగ) సరిపోయి అనుమంద్రంలో (అన్నిటికన్నా కింది శ్రుతి తీగ) తప్పితే మేళం మళ్లీ కట్టమనండి, మొహమాటపడొద్దు.

మెట్లు నిలిచేది మైనం మీద. ఎండలో కారులో వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. కొత్త వీణకు కొన్ని నెలల్లో మేళం ఒకసారి సరిచూడాల్సిందే, ఆ మాట కొన్నప్పుడే మాట్లాడుకోండి. తీగలు బిగించే బిరడలు జారితే కాస్త సుద్దపొడి రాయండి.

కానుకలకని చేసే చిన్న వీణలు ముచ్చటగా ఉంటాయి. పిల్లలకు నేర్పడానికని వాటిని కొనకండి, వాటి మీద సాధన సాగదు.