నెట్టా, పీహెచ్‌డీనా?

అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ (జాతీయ స్థాయి అర్హత పరీక్ష) లేదా సెట్ (రాష్ట్ర స్థాయిది) ఉంటే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదని 2023 జులైలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) తేల్చేసింది.

యూజీసీ నెట్ అంటే 3 గంటలు, 150 ప్రశ్నలు, మైనస్ మార్కుల్లేవు. 2024 జూన్‌లో పరీక్ష జరిగిన మర్నాడే రద్దు చేసి పరువు తీసుకున్న మాట నిజమే. అయినా మార్కుల దగ్గర సిఫారసులు నడవవు.

పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు. సినాప్సిస్, థీసిస్, వైవా, పైగా గైడు గారి మూడ్! మంచి గైడు దొరికితే దానికి సాటి లేదు. కానీ పేరు ముందు ‘డాక్టర్’ కనబడగానే ‘ఎక్కడ చేశారండీ?’ అని ఆరా తీస్తున్నారు. తీయరా మరి? నిబంధనలు పాటించలేదని రాజస్థాన్‌లో 3 యూనివర్సిటీల పీహెచ్‌డీ అడ్మిషన్లను 2025 జనవరిలో యూజీసీ 5 ఏళ్లపాటు ఆపేసింది.

ఉద్యోగం కోసమే అయితే నా ఓటు నెట్‌కే. ప్రొఫెసర్ కావాలంటే మాత్రం పీహెచ్‌డీ తప్పదు.