పదడుగుల గదిలో గ్లామర్ లైటింగ్: 60 వాట్ల ఎల్‌ఈడీ సెట్ మూడేళ్ల వాడకం తర్వాత

సెట్‌లో ఉన్నవి ఇవి: సాఫ్ట్‌బాక్స్ లాంటివి తగిలించే బోవెన్స్ మౌంట్ ఉన్న 60 వాట్ల డేలైట్ ఎల్‌ఈడీ ఒకటి, 90 సెంటీమీటర్ల ఎనిమిది మూలల సాఫ్ట్‌బాక్స్ (వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టె), దానికి గ్రిడ్ (వెలుగు పక్కలకి చిందకుండా ఆపే గళ్ల గుడ్డ), ఒక బూమ్ స్టాండ్ (లైటుని అడ్డ కడ్డీతో తల మీదకి చాచేది), ఒక మామూలు స్టాండ్, జుట్టు మీదకి చిన్న ప్యానెల్ లైట్, 110 సెంటీమీటర్ల మడత రిఫ్లెక్టర్. అన్నీ కలిపితే ఓ మాదిరి ఫోన్ ధర. వాడింది చెన్నై సాలిగ్రామంలో, పది అడుగులకి పదకొండు అడుగుల పడకగదిలో. గోడలకి అపార్ట్‌మెంట్లలో మామూలుగా వేసే బిస్కెట్ రంగు, కింద తళతళలాడే టైల్స్, నడినెత్తిన ఫ్యాను.

ముందుగా అందరూ అడిగేది: 60 వాట్లు సరిపోతాయా? ఒక్కరి ముఖానికి నిక్షేపంలా సరిపోతాయి. సాఫ్ట్‌బాక్స్‌లో లోపలి గుడ్డ, బయటి గుడ్డ రెండూ వేసి మీటరు దూరంలో పెడితే కెమెరాలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400, లెన్స్ రంధ్రం ఎఫ్4, షట్టరు 1/100 సెకను దగ్గర ఎక్స్‌పోజర్ కుదురుతుంది. లోపలి గుడ్డ తీసేస్తే వెలుగు పెరుగుతుంది కదా అని తీయకండి. మధ్యలో చిక్కటి వెలుగు మచ్చ పడి, సాఫ్ట్‌బాక్స్ పెద్దదైనా చిన్న లైటులాగే ప్రవర్తిస్తుంది. కూర్చున్న మనిషి నడుము దాకా కావాలంటే లైటు ఇంకా వెనక్కి జరపాలి, అప్పుడు ఐఎస్ఓ 1000 దాటుతుంది. ఇద్దరిని కలిపి తీయాలంటే ఈ లైటు చాలదు.

1/100 ఊరికే చెప్పిన అంకె కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకి వంద సార్లు మిణుకుతాయి. గదిలో అలాంటి బల్బు ఒక్కటి వెలుగుతున్నా 1/500 దగ్గర ఫొటోలో అడ్డచారలు వస్తాయి, పైగా దాని రంగు వేరు. షూట్ చేసేటప్పుడు ట్యూబ్‌లైట్, బాత్రూమ్ లైట్, పూజ గది బల్బు అన్నీ ఆర్పేయాలి.

గ్లామర్ లైటింగ్‌లో మొదట చేతికి రావాల్సింది బటర్‌ఫ్లై. లైటు లెన్స్‌కి సూటిగా పైన ఉండి ముఖం మీదకి వాలితే ముక్కు కింద సీతాకోకచిలుకలా చిన్న నీడ పడుతుంది. 1930ల హాలీవుడ్‌లో నటి మార్లీన్ డీట్రిచ్ క్లోజప్పులతో పేరుపడ్డ పద్ధతి ఇది, పారమౌంట్ లైటింగ్ అని కూడా అంటారు. మనిషిని అడుగున్నర ఎత్తు స్టూలు మీద కూర్చోబెడితే కళ్లు నాలుగడుగుల దగ్గర ఉంటాయి. సాఫ్ట్‌బాక్స్ నడిమి భాగం ఆరున్నర అడుగుల ఎత్తున, ముఖానికి రెండున్నర అడుగులు ముందుకి, నలభై అయిదు డిగ్రీలు వాల్చాలి. కెమెరా దాని కింద నుంచి చూస్తుంది. ముక్కు నీడ పైపెదవికి సగం దూరంలో ఆగాలి. పెదవిని తాకితే లైటు మరీ ఎత్తులో ఉన్నట్టు. కళ్లలో మెరుపు పన్నెండు గంటల స్థానంలో కనిపించాలి. కనిపించకపోతే కనుబొమల ఎముక అడ్డొస్తున్నట్టు, గడ్డం కొంచెం పైకెత్తమనండి.

ఈ ఎత్తుల్లో సాఫ్ట్‌బాక్స్ పై అంచు ఏడున్నర అడుగులకి చేరుతుంది. ఫ్యాను రెక్కలు ఎనిమిది అడుగుల దగ్గర తిరుగుతుంటాయి! బూమ్ బిగించే ముందే ఫ్యాను ఆపి, స్విచ్ మీద టేపు అంటించండి. చెన్నై ఉక్కకి ఎవరో ఒకరు అలవాటుగా వేసేస్తారు. స్టూలుకి బదులు అడుగు ఎత్తు మోడా వాడితే మొత్తం అరడుగు కిందకి దిగుతుంది, మెడలు నొప్పెట్టవు.

బూమ్‌తో వచ్చిన ఇసుక సంచి నమ్మదగ్గది కాదు. కడ్డీ వెనక చివర ఆ సంచి వేలాడదీయడంతో పాటు, స్టాండు అడుగున నిండు 20 లీటర్ల వాటర్ క్యాన్ తాడుతో కట్టాలి. స్టాండు మూడు కాళ్లలో ఒకటి లైటు ఉన్న దిక్కుకే చూడాలి. రెండు కాళ్ల మధ్య సందు అటు వస్తే ఏ క్షణమైనా ఒరుగుతుంది.

ఇక అసలు ఇబ్బంది గది. పుస్తకాల్లో ఉన్నట్టే అన్నీ పెట్టినా ఫొటో చప్పగా వస్తోందంటే లైటు తప్పేం ఉండదు. సాఫ్ట్‌బాక్స్ నుంచి పక్కలకి చిందిన వెలుగు గోడలకి తగిలి నీడల్లోకి తిరిగొస్తుంది, వస్తూ వస్తూ బిస్కెట్ రంగు మోసుకొస్తుంది. విగ్గుల దుకాణాల్లో దొరికే తెల్ల థర్మోకోల్ తలని స్టూలు మీద పెట్టి చూడండి. లైటు వైపు చెంప తెల్లగా, నీడ వైపు చెంప లేత పసుపుగా, గడ్డం కింద టైల్స్ నుంచి లేచిన బూడిద మెరుపు స్పష్టంగా తెలుస్తాయి. మనిషి ముఖం మీద ఇదే ‘ఎందుకో బాగా లేదు’ అనిపిస్తుంది, అంతే.

దీనికి మందు రెండు మీటర్ల నల్ల వెల్వెట్. బట్టలారేసే స్టాండు మీద వేసి, నీడ వైపు చెంపకి అడుగున్నర దూరంలో నిలబెడితే దవడ గీత ఒక్కసారిగా తేలుతుంది. ఇరుపక్కలా పెడితే బుగ్గలు సన్నగా కనిపిస్తాయి. నల్ల చార్టుకి మెరుపుంటుంది, దాన్ని ఏటవాలుగా పెడితే అదే రిఫ్లెక్టర్ అయి కూర్చుంటుంది. టైల్స్ మీద ముదురు జంపఖానా పరవాలి. సాఫ్ట్‌బాక్స్‌కి గ్రిడ్ వేస్తే సగం పని అయిపోతుంది కానీ ఒక స్టాపు వెలుగు, అంటే సగం వెలుగు, పోతుంది.

వెనక గోడని చీకటి చేయడానికి తెర అక్కర్లేదు. లైటు ముఖానికి మూడడుగుల్లో, ముఖం గోడకి నాలుగడుగుల్లో ఉంటే గోడ మీద పడే వెలుగు దాదాపు అయిదో వంతే. బిస్కెట్ రంగు గోడ ముదురు బూడిదలా వస్తుంది. అదే మనిషి గోడకి అడుగున్నర దగ్గరికి జరిగితే సగానికి దగ్గరగా వెలుగు పడి గోడ మీద మరకలు కూడా కనిపిస్తాయి.

క్లామ్‌షెల్‌కి, అంటే గడ్డం కింద నుంచి రెండో వెలుగుకి, రిఫ్లెక్టర్ వెండి వైపు వాడకండి. తెల్ల వైపు కానీ, రెండడుగుల థర్మోకోల్ షీటు కానీ పొట్ట దగ్గర పెట్టి, ముక్కు నీడ పలచబడుతున్నా పూర్తిగా పోకుండా ఉండే చోట ఆపాలి. నీడ మాయమైతే దెయ్యం సినిమా పోస్టరు వస్తుంది.

ఎవరూ దొరకని రోజు సాధనకి థర్మోకోల్ తల కళ్ల గుంటల్లో రెండు నల్ల గాజు గోళీలు అతికిస్తే క్యాచ్‌లైట్, అంటే కంట్లో మెరుపు, ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. తల స్థానంలో స్టీలు చెంబు పెట్టి దగ్గర నుంచి చూస్తే ఇంకా మంచిది. సాఫ్ట్‌బాక్స్, కిటికీ సందు, ఆర్పడం మర్చిపోయిన బల్బు, అన్నీ ఆ చెంబు కడుపులో కనిపిస్తాయి.

నగలతో తీసేటప్పుడు హెయిర్ లైట్ తగ్గించాలి. జడలో మల్లెపూలుంటే చిన్న ప్యానెల్ని ముఖం మీద లైటుకి రెండు స్టాపులు తక్కువలో పెట్టండి, లేకపోతే రేకులు తెల్ల ముద్దవుతాయి. ముక్కుపుడక రాయి మెరవాలంటే తలని రెండు మూడు డిగ్రీలు తిప్పి చూడటం తప్ప దారి లేదు. చామనఛాయ ముఖాన్ని తెల్లగా చూపాలని ఒక స్టాపు పెంచే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. పెంచితే నుదురు, ముక్కు దూలం కాలిపోతాయి, ఛాయ మాత్రం మారదు. నుదుటి జిడ్డు మెరుపుకి టిష్యూతో అద్దడమే మందు, పౌడర్ చెమటతో కలిసి అట్టకడుతుంది.

ఒక దండగ ఖర్చు బ్యూటీ డిష్, అంటే లైటు ముందు తగిలించే పళ్లెం లాంటి రేకు రిఫ్లెక్టర్. అది బల్బు బయటికి పొడుచుకొచ్చే ఫ్లాష్‌ల కోసం చేసింది. ఈ ఎల్‌ఈడీ చిప్పు చదునుగా, లోపలికి ఉండి ముందుకే వెలుగు చిమ్ముతుంది కాబట్టి డిష్ అంచులు నిండవు. పాత నలుపు తెలుపు క్లోజప్పుల్లోని గట్టి నీడ కావాలంటే సాఫ్ట్‌బాక్స్ ఊడదీసి, లైటుతో వచ్చిన చిన్న రేకు రిఫ్లెక్టర్‌తోనే ఆరడుగుల దూరం నుంచి వేయండి. అప్పుడు తల ఒక్క అంగుళం కదిలినా నీడ చెదురుతుంది.

మూడేళ్లలో ఏం పాడయ్యాయంటే: సముద్రపు గాలికి స్టాండు మరలు తుప్పు పట్టాయి, ప్లాస్టిక్ నాబ్ ఒకటి చీలింది. సాఫ్ట్‌బాక్స్ వెల్క్రో రెండో ఏడాదికే ఊడొచ్చింది, దర్జీ దగ్గర మళ్లీ కుట్టించాల్సి వచ్చింది. రిమోట్ సెల్ కారి స్ప్రింగు తినేసింది. లైటు వెనక ఫ్యాను మూలగడం మొదలైతే అది దుమ్ము, ప్లగ్గు తీసి మెత్తటి బ్రష్షుతో దులిపితే సరి. అన్నిటికన్నా మెల్లగా, తెలియకుండా జరిగేది సాఫ్ట్‌బాక్స్ ముందు గుడ్డ పసుపెక్కడం. తెల్లకాగితం ఫొటో తీసి మొదటి నెల ఫొటోతో పోల్చితే కానీ బయటపడదు. షాంపూ కలిపిన చల్లనీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేస్తే చాలా వరకు తెలుపు తిరిగొస్తుంది. నవంబరు వానల్లో మాత్రం పూర్తిగా ఆరనిచ్చాకే మడతపెట్టండి, లేదంటే నల్ల మచ్చలు పడతాయి, అవి ఇక పోవు.