బొగ్గు అయిపోయిన ఊరికి ఏది మేలు? ఫ్రాన్స్‌లో మూడు ఊళ్లు, మూడు దారులు

మాది మందమర్రి. బాపు కోల్‌ఫిల్లర్‌గా, అంటే తవ్విన బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే కార్మికుడిగా చేరి, ముప్పై ఏళ్లు బాయి పని చేశాడు. బొగ్గు గనిని మేం బాయి అంటాం. సింగరేణి క్వార్టర్లలో పెరిగిన వాళ్ల మనసులో ఒక టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది: బొగ్గు అయిపోతే ఈ ఊరేమవుతుంది? ఇల్లందులో, బెల్లంపల్లిలో పాత బాయిలు ఒక్కొక్కటే మూతపడుతుంటే బజారు ఎలా బోసిపోయిందో చూసినవాళ్లకు ఇది కొత్త ప్రశ్న కాదు. చదువు కోసం ఉత్తర ఫ్రాన్స్‌లోని లిల్ నగరానికి వచ్చాక తెలిసింది, ఇక్కడి జనం ఈ ప్రశ్నను నాకంటే ఒక తరం ముందే ఎదుర్కొన్నారని. లాన్స్, లోస్-ఆన్-గోయెల్, లెవార్డ్ అని మూడు ఊళ్లు దీనికి మూడు రకాల జవాబులు చెప్పాయి. మూడింటికీ ఒకటికి రెండుసార్లు వెళ్లొచ్చాను. వాటిలో ఏది మేలో నాకు తోచింది రాస్తున్నాను.

ముందు నేల సంగతి చెప్పాలి. ఇక్కడి బొగ్గు పొర తూర్పు నుంచి పడమరకు సుమారు 120 కిలోమీటర్లు నడుస్తుంది. కానీ పైకి ఏమీ కనిపించదు. పైనంతా సుద్దరాయి, గోధుమ పొలాలు. 1720లో బెల్జియం సరిహద్దు దగ్గరి ఫ్రెన్ అనే ఊళ్లో మొదట బొగ్గు పడింది. 1734లో ఆన్జాన్‌లో మంచి రకం దొరికింది. ఆ తర్వాత నూరేళ్లు దాటినా పడమటి వైపు పొర ఎటు పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు, ఎందుకంటే అది మధ్యలో దిశ మార్చుకుంది. చివరికి 1840లలో ఓన్యీ దగ్గర ఒక జమీందారీ భవనం తోటలో నీళ్ల కోసం బోరు వేస్తుంటే బొగ్గు తగిలింది. లాన్స్ గనుల కంపెనీ 1852లో పుట్టింది. అప్పటిదాకా సంత ఊరుగా ఉన్న లాన్స్, రెండు తరాల్లో పదుల బాయిల మధ్య నగరమైంది. పొరలు మాత్రం మన గోదావరి లోయలోలాగా మందంగా ఉండవు. సన్నగా, ముక్కలు ముక్కలుగా విరిగి, వందల మీటర్ల లోతున ఉంటాయి. మనిషి పడుకుని తవ్వాల్సిన చోట్లు కూడా ఉండేవి.

ఆ బొగ్గు కోసం పెట్టిన ప్రాణాల లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. 1906 మార్చి 10న కూర్యేర్ కంపెనీ గనుల్లో బొగ్గు ధూళి అంటుకుని పేలింది. 1,099 మంది చనిపోయారు. ఇంకెవరూ బతికి లేరని గాలింపు ఆపేశారు. ఇరవై రోజుల తర్వాత 13 మంది చీకట్లో దారి వెతుక్కుంటూ వాళ్లంతట వాళ్లే పైకొచ్చారు. గుర్రాల కోసం ఉంచిన ఓట్స్ గింజలు తిని, తర్వాత చచ్చిన గుర్రం మాంసం తిని బతికారట. మరో నాలుగైదు రోజులకు ఇంకొకరు దొరికారు. ముందే వెతకడం ఆపకపోయి ఉంటే ఎంతమంది దక్కేవాళ్లో అన్న కోపంతో సమ్మె రగిలింది, ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. అదే ఏడాది జులైలో వారానికి ఒక రోజు సెలవు చట్టం వచ్చింది. ఎనిమిదేళ్లకు మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. 1914 అక్టోబరు నుంచి నాలుగేళ్లు లాన్స్ జర్మన్ల చేతిలో ఉంది. వాళ్లు పోతూ పోతూ బాయిల్లోకి నీళ్లు వదిలారు. 1918లో తిరిగొచ్చిన జనానికి ఊరు లేదు, ఇటుకల కుప్పలే మిగిలాయి. ఇదే ప్రాంతంలో 1915లో మన భారత సైనికులూ పోరాడారు. లాన్స్‌కు ఉత్తరాన ఉన్న నవ్-షాపెల్ స్మారకం మీద 4,700కు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి.

తిరిగి కట్టిన లాన్స్‌లో నాకు అన్నింటికంటే ఇష్టమైనది రైల్వే స్టేషన్. 1920లలో దాన్ని పొగబండి ఇంజిన్ ఆకారంలో కట్టారు. గడియారం ఉన్న స్తంభమే పొగ గొట్టం. బొగ్గు మీద బతికిన ఊరు తన ముఖద్వారాన్ని ఇలా కట్టుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది. ఊరిని కట్టిన చేతులు మాత్రం ఇక్కడివే కాదు. 1919లో పోలండ్‌తో కుదిరిన ఒప్పందం తర్వాత అక్కడి నుంచి వేల కుటుంబాలు వచ్చాయి. 1960, 70లలో ఫెలిక్స్ మోరా అనే గనుల అధికారి దక్షిణ మొరాకో పల్లెలు తిరిగి కుర్రాళ్లను ఏరుకొచ్చాడు. వాళ్లను వరసలో నిలబెట్టి ఒంటి మీద ముద్ర వేసేవారు. ఆకుపచ్చ ముద్ర పడితే పని, ఎర్ర ముద్ర పడితే ఇంటి దారి. అలా వచ్చినవాళ్లు పనిచేసిన బాయిలు వాళ్లు నడివయసుకు రాకముందే మూతపడటం మొదలైంది. 1990 డిసెంబరు 21న ఓన్యీలో చివరి బొగ్గు పైకొచ్చింది. ఫ్రాన్స్ మొత్తంలో చివరిది 2004 ఏప్రిల్‌లో, తూర్పున లొరేన్‌లో.

అయిపోయాక ఏం చేశారు?

లాన్స్‌ది పెద్ద మ్యూజియం దారి. పారిస్‌లోని లూవ్ర్‌కు ఒక శాఖ పెట్టాలనుకున్నప్పుడు చాలా నగరాలు పోటీ పడ్డాయి. 2004లో లాన్స్‌ను ఎంపిక చేశారు. తొమ్మిదో నంబరు బాయి ఉన్న చోటే, సానా అనే జపాన్ ఆర్కిటెక్టుల సంస్థ గీసిన ప్లానుతో గాజు, అల్యూమినియం కట్టడం లేచింది. 2012 డిసెంబరు 4న ప్రారంభించారు. ఆ తేదీ ఊరికే పెట్టలేదు. గని కార్మికుల రక్షకురాలైన సెయింట్ బార్బరా పండుగ ఆ రోజే. ఖర్చు సుమారు 15 కోట్ల యూరోలు, అందులో సగానికి పైగా ప్రాంతీయ ప్రభుత్వం పెట్టుకుంది. లోపల 120 మీటర్ల పొడవున ఒకే హాలు ఉంటుంది. మెసొపొటేమియా నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా శిల్పాలు, బొమ్మలు కాలక్రమంలో నిలబడి ఉంటాయి. అడుగడుగునా గోడ మీద ఏళ్లు రాసి ఉంటాయి. దానికి టికెట్ లేదు. నేను వెళ్లిన రోజు ఒక ముసలాయన మనవరాలి చెయ్యి పట్టుకుని ఈజిప్టు విగ్రహం ముందు నిలబడి ఏదో చెప్తున్నాడు. ఆయన వేళ్ల మీద సన్నటి నీలి మచ్చలు. చర్మం కింద ఉండిపోయిన బొగ్గు అది, బాపు చేతులకూ ఉన్నాయి. ఆ దృశ్యం చూశాక ఈ మ్యూజియం దండగ అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

కానీ ఊరికి ఎంత మేలు జరిగిందంటే, అంతంత మాత్రమే. మొదటి ఏడాది 9 లక్షల దగ్గర జనం వచ్చారు, తర్వాతి ఏళ్లలో అది దాదాపు సగానికి పడిపోయింది. పారిస్ నుంచి రైల్లో గంటా పది నిమిషాల్లో వచ్చినవాళ్లు మ్యూజియం చూసి, కాఫీ తాగి, సాయంత్రం బండెక్కి వెళ్లిపోతారు. స్టేషన్ నుంచి మ్యూజియానికి పాత గని రైలు పట్టాల దారినే చక్కటి కాలిబాట వేశారు. ఆ బాట వాళ్లను ఊరి బజారు తగలకుండా తీసుకెళ్తుంది. బజారులో షట్టర్లు దించిన కొట్లు ఇంకా కనిపిస్తాయి. ఊరి జనాన్ని నిజంగా ఒక్కచోటికి చేర్చేది ఫుట్‌బాల్. స్టేడియంలో సుమారు 38 వేల సీట్లు ఉన్నాయి. ఊరి జనాభా మొత్తం 32 వేల చిల్లర. ఆ స్టేడియం కట్టింది గని కంపెనీయే.

లెవార్డ్ దారి వేరు. దువే పట్నం దగ్గర 1971లో మూసేసిన డెలువా బాయిని కూల్చకుండా అలాగే ఉంచి గనుల చరిత్ర కేంద్రంగా మార్చారు. 1982లో దాన్ని స్థాపించి, 1984లో జనానికి తెరిచారు. మొదట్లో తిప్పి చూపించినవాళ్లంతా రిటైరైన కార్మికులే. అక్కడ ఒక హాలుకు ‘ఉరిపడ్డవాళ్ల గది’ అని పేరు. తల ఎత్తి చూస్తే పైకప్పు నుంచి గొలుసులకు వేలాడే చొక్కాలు, ప్యాంట్లు, బూట్లు. కార్మికుడు షిఫ్ట్‌కి దిగేముందు బట్టలు కొక్కేనికి తగిలించి గొలుసు లాగి పైకి పంపేవాడు. తడి బట్టలు పైన వేడికి ఆరేవి, కింద స్థలమూ కలిసొచ్చేది. షిఫ్ట్ అయ్యాక ఎవరి గొలుసు కిందికి దిగకపోతే ఆ మనిషి బాయిలోనే ఉండిపోయాడని అర్థం. అక్కడ పది నిమిషాలు నిలబడ్డాను, మాట రాలేదు. జ్ఞాపకానికి ఇంతకంటే మంచి చోటు లేదు. బతుకుదెరువు మాటకొస్తే మాత్రం ఒక మ్యూజియం ఎంతమందికి అన్నం పెడుతుంది?

ఇక లోస్-ఆన్-గోయెల్. లాన్స్ పక్కనే, నడిచిపోయేంత దూరం. జనాభా ఏడు వేల లోపు. దూరం నుంచే రెండు నల్లటి గుట్టలు కనిపిస్తాయి. బొగ్గుతో పాటు పైకొచ్చిన పనికిరాని రాయి, మట్టి పోసి పోసి పెరిగిన గుట్టలివి. ఇక్కడివాళ్లు తెరిల్ అంటారు. మన ఓపెన్‌కాస్టుల దగ్గరి మట్టి గుట్టలకు అన్నలనుకోండి. కొన సముద్రమట్టానికి 186 మీటర్ల ఎత్తున ఉంటుంది. యూరప్‌లో ఇంత ఎత్తయిన తెరిల్‌లు లేవంటారు. కింద 11/19 నంబరు బాయి, మనుషుల్నీ బొగ్గునూ పైకి లాగే చక్రాలుండే ఇనుప హెడ్‌గేర్, దాని పక్కన 66 మీటర్ల కాంక్రీటు టవర్. 1986లో బాయి మూతపడ్డాక ఇవన్నీ పడగొట్టేసి ‘బొగ్గు మరక’ తుడిచేయాలన్న ఆలోచనే అప్పట్లో ఈ ప్రాంతమంతా ఉండేది. చాలాచోట్ల తుడిచేశారు కూడా.

ఈ ఊరు తుడవలేదు. 1977లో మేయరైన మార్సెల్ కారోన్, బాయి ఇంకా నడుస్తుండగానే 1984లో ఊరి జనమే తమ కథలు చెప్పుకునే పండుగ ఒకటి మొదలుపెట్టాడు. 2001లో ఆయన కొడుకు జాన్-ఫ్రాన్స్వా కారోన్ మేయరై రెండు దశాబ్దాలకు పైగా ఉన్నాడు. బాయి భవనాల్లో ఇప్పుడు నాటకశాల, తక్కువ కరెంటుతో నడిచే ఇళ్లు కట్టడం నేర్పే కేంద్రం, తెరిల్‌ల మీది మొక్కల్నీ పురుగుల్నీ చూసుకునే సంస్థ ఉన్నాయి. ఊరి చర్చి పైకప్పు మీద 2013లో సోలార్ పలకలు పెట్టారు. నాకు బాగా నచ్చింది వాళ్ల ‘ఫిఫ్టీ-ఫిఫ్టీ’ పద్ధతి. ఎవరైనా తమ వీధికి ఏదైనా కావాలంటే మున్సిపాలిటీకి అర్జీ పెట్టి ఊరుకోవడం కాదు, సగం బాధ్యత వాళ్లూ తీసుకోవాలి. పూలకుండీలు కావాలా? సామాను మున్సిపాలిటీది, నాటడం, నీళ్లు పోయడం వీధివాళ్లది. గని కాలంలో ఇల్లు, బడి, డాక్టరు, బొగ్గు బస్తా అన్నీ కంపెనీయే ఇచ్చేది. అలా అలవాటుపడ్డ ఊరికి ఈ మార్పు ఎంత కష్టమో సింగరేణి క్వార్టర్లో పెరిగినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు.

గుట్ట ఎక్కాను. కాళ్ల కింద పలకలు పలకలుగా నల్లరాయి జారుతుంది. కొన్నిచోట్ల అదే రాయి ఇటుక రంగులో ఉంటుంది, లోపల మిగిలిన బొగ్గు తనంతట తాను కాలితే వచ్చే రంగు అది. పగుళ్లలో బర్చ్ చెట్లు, పసుపు రంగు గసగసాల పూలు. నల్లటి నేల వేడిని పట్టుకుంటుంది కాబట్టి ఎక్కడో దక్షిణాది మొక్కలు ఇక్కడ బతుకుతున్నాయి. పశ్చిమాన అయికూర్ ఊళ్లో ఇలాంటి గుట్ట వాలు మీదే 2011లో ద్రాక్ష నాటి వైన్ తీస్తున్నారు. ఈ గుట్టలు, బాయిలు, కార్మికుల ఇళ్లు అన్నీ కలిపి 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. పడగొట్టకుండా కాపాడుకున్నవే అందుకు ఆధారమయ్యాయి.

ఇంతకీ ఏది మేలు? చేతిలో ఒక్కరోజే ఉండి చూడటానికి వచ్చేవాళ్లయితే పొద్దున లాన్స్‌లో ఆ పొడవాటి హాలు చూసి, మధ్యాహ్నం లోస్ గుట్ట ఎక్కండి. గని అంటే ఏంటో అసలు తెలియనివాళ్లు మాత్రం అన్నింటికంటే ముందు లెవార్డ్ వెళ్లాలి. ఊరి దృష్టితో చూస్తే నా ఓటు లోస్‌కే. లోపాలు లేవని కాదు. ఒకే కుటుంబం రెండు తరాలు పట్టుబట్టి నడిపితే అయిన పని ఇది, అలాంటి మేయర్లు ప్రతి ఊరికీ దొరకరు. వేల ఉద్యోగాలూ రాలేదు. అయినా లెవార్డ్ 1984లో తెరుచుకునే నాటికి ఈ ప్రాంతంలో బొగ్గు ఇంకా పైకొస్తూనే ఉంది, లోస్ పండుగ మొదలైనప్పుడు ఆ ఊరి బాయి నడుస్తూనే ఉంది. పని తెలిసిన మనుషులు, యంత్రాలు, కోపం, గర్వం అన్నీ వేడిగా ఉండగానే మొదలుపెట్టారు. లాన్స్‌కు లూవ్ర్ వచ్చేసరికి చివరి బొగ్గు తీసి 22 ఏళ్లు గడిచాయి. అప్పటికే పిల్లలు ఊరొదిలి వెళ్లారు. 15 కోట్ల యూరోలు పోసినా ఆ ఇరవై రెండేళ్లు తిరిగి రావు. మన దగ్గర ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే: ఏ దారి అన్న సంగతి తర్వాత, బాయి నడుస్తుండగానే మొదలుపెట్టండి.

గుట్ట మీద నుంచి బాపుకు వీడియో కాల్ చేసి కెమెరా చుట్టూ తిప్పాను. స్టేడియం, మ్యూజియం మెరుపు కప్పు, ఇటుక ఇళ్ల వరసలు చూపించాను. ఆయన వాటి గురించి ఏమీ అడగలేదు. "బొగ్గు తీసినంక లోపల ఇసుక నింపిన్రా బిడ్డా?" అన్నాడు. చాలాచోట్ల నింపలేదు, పైకప్పును అలాగే కూలనిచ్చారని చెప్పాను. "గట్లయితే నేల కుంగి ఉంటది. మరి నీళ్లో?"

నిజమే. ఇక్కడ నేల కొన్నిచోట్ల మీటర్ల కొద్దీ కుంగింది. వాన నీళ్లు వాటంతట అవి కాలువల్లోకి పోలేవు. పంపులు ఆపితే వీధులు మునుగుతాయి. అందుకే బాయిలు మూసేసి ఇన్నేళ్లయినా పంపింగ్ స్టేషన్లు రాత్రీ పగలూ నడుస్తున్నాయి, ఆ బాధ్యత ప్రభుత్వానిదే. ఆ మాట చెప్తే బాపు కాసేపు తెర వైపే చూశాడు.

"తోడుతనే ఉండాలె మరి," అన్నాడు.