అనుమతి టెర్మినల్‌కా, ప్రోగ్రాముకా?

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో తెలుగు, ఒడియా శుభలేఖలు రెండూ కూర్చే డీటీపీ కేంద్రంలో మ్యాక్ ఉంటే, డాక్యుమెంట్స్ ఫోల్డరును రోజూ బయటి డిస్కుకు నకలు తీసే కమాండ్-లైన్ ప్రోగ్రామొకటి (ఆదేశం టైపు చేసి నడిపేది) అవసరమవుతుంది. ఆ ఫోల్డరును చదవడానికి దానికి అనుమతి ఇచ్చే దారులు రెండు.

ఆదేశాలు టైపు చేసే యాప్ అయిన టెర్మినల్‌కే, డిస్కు అంతటినీ చదవనిచ్చే ‘ఫుల్ డిస్క్ యాక్సెస్’ ఇవ్వడం మొదటిది. ఒక్క మీటతో పని తీరుతుంది. అయితే టెర్మినల్‌లో నడిచే ప్రోగ్రాము చేసే పనికి మ్యాక్‌ను నడిపే మ్యాక్‌ఓఎస్ సాధారణంగా టెర్మినల్‌నే బాధ్యురాలిగా ఎంచుతుంది కనుక, నకలు తీసే ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము కోసం ఇచ్చిన అనుమతి, నిన్న ఎక్కడినుంచో దింపుకున్న ఊరూపేరూ లేని స్క్రిప్టుకూ దక్కుతుంది. మెయిల్, మెసేజెస్ ఫైళ్లు సైతం దానికి తెరుచుకుంటాయి.

నకలు పనిని పనులను వెనకనుంచి తానే నడిపే మ్యాక్‌ఓఎస్ సేవ లాంచ్‌డీ ద్వారా నడిపి, ఆ ప్రోగ్రాము ఒక్కదానికే అనుమతి ఇవ్వడం రెండవది. ఇందులో మెలిక ఉంది. అది షెల్ స్క్రిప్టయితే (ఆదేశాల జాబితా రాసిన ఫైలయితే) దాన్ని నడిపే బ్యాష్ అనే ప్రోగ్రాముకు అనుమతి ఇవ్వవలసి వస్తుంది, అప్పుడు బ్యాష్ నడిపే ప్రతి స్క్రిప్టుకూ తలుపులు మళ్లీ బార్లా తెరిచినట్టే. కంపైల్ చేసిన (యంత్రభాషలోకి మార్చిన) ప్రోగ్రామైతేనే ప్రయోజనం. దానికి డెవలపర్ డిజిటల్ సంతకం లేకుంటే, తిరిగి కంపైల్ చేసినప్పుడల్లా అనుమతి కొత్తగా ఇవ్వాల్సి రావచ్చు.

ఖాతాదారుల చిరునామాలు, ఫోను నంబర్లు ఉండే యంత్రానికి ఈ శ్రమ తగినదేనని నా అభిప్రాయం. ఎప్పుడో ఒకసారి నకలు తీసేవారికి మాత్రం ఫుల్ డిస్క్ యాక్సెసే అక్కరలేదు: 2019 నాటి మ్యాక్‌ఓఎస్ కాటలినా నుంచి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, బయటి డిస్కులకు టెర్మినల్ విడివిడిగా అనుమతి అడుగుతుంది, పని అయ్యాక సెట్టింగ్స్‌లో వాటిని తీసేయవచ్చు.