రెండు హెచ్‌పీ డస్ట్ కలెక్టర్, ఒక పెయింటు బకెట్, పక్కింటి వడియాలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మాది రాజమండ్రి. పెరట్లో పది బై పదహారు అడుగుల రేకుల షెడ్డు. అందులో టేబుల్ సా (బల్లకి బిగించిన రంపం), చెక్కని చిత్రిక పట్టే పన్నెండంగుళాల ప్లానర్, మైటర్ సా (చెక్కని అడ్డంగా, ఏటవాలుగా కోసే రంపం), కొన్ని చేతి మిషన్లు. ఉద్యోగం వేరే, ఈ వడ్రంగం శని ఆదివారాల పని. పొట్టు లాగడానికి ఏం కొనాలని అడిగినవాళ్లందరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. కంపెనీ పేర్లు చెప్పను. నేను విప్పి చూసినంతలో ఈ మిషన్ల లోపలి సరుకు దాదాపు ఒకటే.

మొదట కొన్నది 1400 వాట్ల వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్ క్లీనర్. ప్లైవుడ్ కోస్తే పది నిమిషాలకే ఫిల్టర్ మూసుకుపోయేది. విప్పడం, గోడకేసి కొట్టడం, తుమ్మడం, మళ్లీ బిగించడం. ఓ చిన్న ప్లాస్టిక్ సైక్లోన్ తెప్పించి, 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్ మూతకు బిగించాక ఆ బాధ చాలావరకు తీరింది. లోపల గాలి సుడి తిరుగుతుంటే బరువైన పొట్టు అంచుకు కొట్టుకుని కిందికి జారిపోతుంది, ఫిల్టర్ దాకా వెళ్లేది కొంచెమే. అయితే ఒకరోజు హోసులో చెక్కపేడు అడ్డం పడింది. ఢామ్మని చప్పుడు. చూద్దును కదా, బకెట్ రెండు పక్కలా లోపలికి కుంచించుకుపోయి పీల్చేసిన రసం మామిడికాయలా ఉంది. అప్పటినుంచి రెండు బకెట్లు ఒకదాంట్లో ఒకటి దించి వాడుతున్నాను. మళ్లీ నలగలేదు.

శాండర్, రౌటర్, జిగ్ సా లాంటి చేతి మిషన్లు మాత్రమే ఉన్నవాళ్లకు ఇది చాలు. ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు.

ప్లానర్ వచ్చాక ఇది పనికిరాలేదు. టేకు పలక రెండుసార్లు లోపలికి తోసేసరికి బకెట్ నిండిపోయేది. వ్యాక్యూమ్‌కీ డస్ట్ కలెక్టర్‌కీ ఉన్న తేడా ఊదుడుగొట్టానికీ చేటకీ ఉన్నంత. వ్యాక్యూమ్ బలంగా లాగుతుంది కానీ లాగే గాలి తక్కువ, నిమిషానికి ఓ వంద ఘనపుటడుగుల పైచిలుకు. ప్లానర్‌కి 350, 400 కావాలి. అందుకని ముప్పైవేలకు కాస్త అటూ ఇటూగా రెండు హెచ్‌పీ సింగిల్ స్టేజ్ (పొట్టంతా ఫ్యాన్‌లోంచే పోయే) కలెక్టర్ కొన్నాను: పైన గుడ్డ సంచి, కింద ప్లాస్టిక్ సంచి, మధ్యలో ఫ్యాన్.

పెట్టె మీద 1200 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి 1200 ఘనపుటడుగులు, అని ఉంది. దాన్ని నమ్మడం నా మొదటి తప్పు. ఆ లెక్క గొట్టం తగిలించకుండా, ఫ్యాన్ మూతి బార్లా తెరిచి తీసింది. పైగా కేటలాగులో చూస్తే అది అమెరికా కరెంటు మీద, అంటే 60 హెర్ట్జ్ మీద కొలిచినది. మనది 50. అదే ఫ్యాన్ ఇక్కడ ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతుంది. గాలి కూడా అంతే తగ్గుతుంది, లాగే బలం మాత్రం దాదాపు మూడోవంతు పడిపోతుంది. ఇక నాలుగంగుళాల గొట్టంలోంచి ఈ తరహా ఫ్యాన్ ఎంత లాగినా 400 చుట్టుపక్కలే వస్తుంది. గొట్టం అంతే ఉంచి మూడు హెచ్‌పీ కొనడం దండగ.

నేను చేసిన ఇంకో ఘనకార్యం, కలెక్టర్‌ని ఓ మూల పెట్టి పాతిక అడుగుల మడతల హోసు తగిలించడం. ఆ మడతలన్నీ గాలికి అడ్డమే. ప్లానర్ మూతి దగ్గర పొట్టు పేరుకుపోయేది. తర్వాత 110 ఎంఎం ఎస్‌డబ్ల్యూఆర్ పైపు, అదే డ్రైనేజీకి వేసేది, గోడ వెంబడి వేశాను. ఎల్బోలు కాకుండా ‘వై’లు, 45 డిగ్రీల బెండ్లు వాడాను. హోసు చివర్లో నాలుగడుగులే మిగిల్చాను. మిషన్ మార్చినట్టే అనిపించింది. ఒక చిక్కుంది: నాలుగంగుళాల హోసు ఈ పైపు మీదకి ఎక్కదు, పైపు కాస్త లావు. హీట్ గన్‌తో పైపు చివర మెత్తబరిచి, పాత స్టీలు గ్లాసుల్లోంచి సరిపోయే సైజు వెతికి, దాని చుట్టూ పైపుని నొక్కి సన్నం చేశాను. ఆ గ్లాసు వంటింట్లోకి తిరిగి వెళ్లలేదు. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నేల మీద పొట్టు లేదు, షెడ్డు అద్దంలా ఉంది, నేను సంతోషంగా ఉన్నాను. ఓ రాత్రి కరెంటు పోయి వచ్చేలోపు సెల్‌ఫోన్ టార్చ్ వేస్తే, ఆ వెలుగులో సన్నటి పొడి మంచులా వేలాడుతోంది. ఆపి పావుగంటైనా కిందికి దిగలేదు. నా కలెక్టర్ సంచి 30 మైక్రాన్లది (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యోవంతు), అంతకన్నా సన్నటి పొడి దాన్ని దాటి బయటికొచ్చేస్తుంది. ఊపిరితిత్తుల లోతుకి వెళ్లేది పది మైక్రాన్ల లోపుది. అంటే ఈ మిషన్ జల్లెడపని చేస్తోంది, ముతకది సంచిలో ఉంచి మెత్తనిది నా ముక్కులోకి జల్లుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం చెక్కపొడిని 1995లోనే ఖాయంగా కేన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. ఆ సంగతి చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

చవకైన దారి ఆలోచించాను. చలిదేశాల వాళ్లు గదిలో వేడి పోతుందని గాలిని మళ్లీ లోపలికే వదులుతారు. మనకి వేడి పోతే అంతకన్నా కావలసిందేముంది? కలెక్టర్‌ని షెడ్డు బయట పెట్టేశాను. లోపల గాలి హాయిగా మారింది. మూడోరోజు పక్కింటి పిన్నిగారు గోడ దగ్గరికొచ్చి, “ఏవయ్యా, నా గుమ్మడి వడియాలకి పసుపు నువ్వు చల్లావా?” అన్నారు. మేడమీద చీర పరిచి పెట్టిన వడియాల నిండా సన్నటి టేకుపొడి. రెండు కిలోల మినప్పప్పు కొనిచ్చి మిషన్ లోపలికి తెచ్చుకున్నాను. చుట్టూ ఇళ్లు లేనివాళ్లకైతే ఇప్పటికీ ఇదే మంచి పద్ధతి అంటాను.

చివరికి గుడ్డ సంచి తీసేసి ఒక మైక్రాన్ కార్ట్రిడ్జ్ ఫిల్టర్ పెట్టాను. మిషన్ ధరలో మూడోవంతు అయింది. మొదటే చెయ్యాల్సిన ఖర్చు ఇదే. సంచి కంటే దీని మడతల వైశాల్యం చాలా ఎక్కువ కాబట్టి గాలి కూడా తేలిగ్గా బయటికొస్తుంది. టార్చ్ వేసి చూస్తే తేడా కళ్లకి కనపడుతుంది. దీనికి చాకిరీ ఉంది. పక్కనున్న హ్యాండిల్ వారానికోసారి తిప్పి దులపాలి. వానాకాలంలో గోదావరి గాలి తేమకి పొడి ముద్దకట్టి మడతల్లో కూర్చుంటుంది, అప్పుడు ఆరుబయటికి తెచ్చి కంప్రెసర్‌తో బయటివైపు నుంచి లోపలికి కొట్టాలి. మాస్కు పెట్టుకోకుండా ఈ పని చేస్తే నాలుగేళ్లు తప్పించుకున్నదంతా ఒక్కరోజులో పీల్చినట్టే.

కరెంటు: కలెక్టర్, టేబుల్ సా ఒకే లైను మీద స్టార్ట్ చేస్తే ఎంసీబీ పడిపోయేది. వేరే లైను లాగించాను.

పాత తలుపు చెక్కలు చిత్రిక పట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఓసారి చెక్కలోంచి ఊడి నేలమీద పడ్డ మేకు లోపలికి పోయి ఫ్యాన్‌కి ఠంగుమని తగిలింది. నిప్పురవ్వ పుట్టి పొట్టులో పడితే గంటల తరబడి లోపలే రాజుకుంటుంది. అప్పటినుంచి రాత్రి సంచిలో పొట్టు ఉంచడం లేదు. పెద్ద చెక్కపొట్టు పాలవాడు తీసుకెళ్లి దూడల కింద పరుస్తాడు. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొడి మాత్రం విడిగా కట్టి పడేస్తాను, అందులో జిగురు ఉంటుంది. మా అమ్మమ్మగారింట్లో పొట్టు పొయ్యి ఉండేది, నడుమ కర్ర నిలబెట్టి పొట్టు దట్టించి, కర్ర లాగేసి కింద అంటించేవాళ్లు. ఆ పొయ్యికి నా టేకు పొట్టు పూటకి సరిపోయేది.

మైటర్ సా మాత్రం ఇప్పటికీ లొంగలేదు. దాని పొట్టు గొట్టం మూతి బొటనవేలంత. వెనక ప్లైవుడ్ పెట్టె కట్టి నాలుగంగుళాల పైపు పెట్టినా సగం పొడి నా చొక్కా మీదే. దాన్ని ముట్టుకున్నప్పుడు ఎన్95 పెట్టుకుంటున్నాను.