టీకా వేసినా గంబోరో: పోస్ట్‌మార్టం, ఎలైజా, పీసీఆర్‌లలో ఏది మేలు?

నాలుగో వారం బ్రాయిలర్ కోళ్లు ముడుచుకుని కూర్చుని, తెల్లగా నీళ్ల విరేచనాలు పెడుతుంటే గుంటూరు చుట్టుపక్కల షెడ్లలో మొదట వినిపించే పేరు గంబోరో, కోళ్ల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ జబ్బు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, టీకా వేశాం కదా, ఎలా వచ్చింది అని. దానికి జవాబు చెప్పే పరీక్షకే డబ్బు పెట్టాలి.

ముందు పోస్ట్‌మార్టం, ఇందులో రెండో మాట లేదు. (కోళ్లు ఒక్కసారిగా గుంపులుగా చనిపోతుంటే మాత్రం కత్తి పట్టకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ చూశాం.) మలద్వారం పైనుండే బర్సా (రోగనిరోధక కణాలు తయారయ్యే చిన్న సంచి) ఉబ్బి, పసుపు జిగురు పట్టి, తొడ కండల్లో రక్తపు చారలుంటే గంబోరో అనుమానం బలపడినట్టే. గుండె చుట్టూ గడ్డిరంగు నీరు నిండి, కాలేయం పాలిపోయి ఉబ్బితే వేరే జబ్బు తెచ్చే అడినోవైరస్‌ను అనుమానించాలి. అయితే ఏ రకం వైరసో కంటికి కనిపించదు.

రక్తంలో యాంటీబాడీలను (వైరస్‌ను ఎదుర్కొనే ప్రోటీన్లను) కొలిచే ఎలైజా చవక. అయినా జబ్బుపడ్డ బ్యాచ్‌కి నేను వద్దంటాను. మామూలు ఎలైజా యాంటీబాడీలు టీకావా, బయటి వైరస్‌వా తేల్చదు. రెండు మూడు వారాల తేడాతో మళ్లీ రక్తం తీద్దామంటే, ఆరు వారాలకే అమ్ముడయ్యే కోడి అప్పటికి షెడ్డులో ఉండదు. కొత్త పిల్లల్లో తల్లి యాంటీబాడీలు చూసి టీకా రోజు నిర్ణయించడానికి మాత్రం అదే మేలు.

మన ప్రశ్నకు జవాబు వైరస్ జన్యుపదార్థాన్ని పట్టుకునే పీసీఆర్, దాని తర్వాత ఆ జన్యువును అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్. పీసీఆర్ పాజిటివ్ ఒక్కటే చాలదు, టీకా వైరస్ కూడా పాజిటివ్ చూపించవచ్చు. వైరస్ పైపొర ప్రోటీన్‌ను తయారుచేసే వీపీ2 జన్యువులో ఎక్కువగా మారే భాగాన్ని చదివించాలి. ఆ ప్రోటీన్‌లో 222, 256, 294, 299 స్థానాల్లో వరసగా అలనిన్, ఐసోల్యూసిన్, ఐసోల్యూసిన్, సెరిన్ అనే అమైనో ఆమ్లాలు ఉంటే అతి తీవ్ర రకం గుర్తులు ఉన్నట్టు. అప్పుడు వచ్చే బ్యాచ్‌కి ఇంటర్మీడియట్ ప్లస్ (మామూలు దానికంటే ఘాటైన) టీకా గురించి డాక్టరుతో మాట్లాడాలి, షెడ్డు శుభ్రతలో రాజీ పడకూడదు. ఈ వైరస్ షెడ్డులో నెలల తరబడి బతుకుతుంది. టీకా వైరసే దొరికితే టీకా వేసిన రోజును, వేరే జబ్బును వెతకాలి.

రిపోర్టు ఆలస్యం, ఖర్చూ ఎక్కువే. ఈ బ్యాచ్‌ను అది కాపాడదు. అయినా బ్యాచ్ వెంట బ్యాచ్ పోతున్న రైతుకు ఆ ఖర్చు దండగ కాదని నా గట్టి నమ్మకం.

జబ్బు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే, నాలుగైదు కోళ్ల బర్సాలు తీయించి ఐస్ బాక్సులో పెట్టండి. ఫార్మలిన్‌లో వేస్తే సీక్వెన్సింగ్‌కు దాదాపు పనికిరావు. విజయవాడ పక్కనే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది. ఏ పరీక్ష చేస్తారో ముందే అడిగి, టీకా పేరు, వేసిన తేదీ రాసిన చీటీ జతచేసి పంపండి.