అమలాపురంలో మా పళ్ళ డాక్టర్ గారు, ఏళ్ళ తరబడి చూశాక రాస్తున్నా

మాది రాజోలు దగ్గరండి. ఇంటిల్లిపాదీ పళ్ళు అమలాపురంలో ఒకావిడకే చూపిస్తున్నాం, ఇన్నేళ్ళయ్యాక మంచీ చెడూ రెండూ రాయొచ్చనిపించింది. పేరు మాత్రం రాయను, ఇప్పటికే జనం ఎక్కువ, ఇంకా పెరిగితే మాకే అపాయింట్‌మెంట్ దొరకదు.

మొదట వెళ్ళింది సెకండ్ ఒపీనియన్ కోసం. అంతకుముందు వేరే టౌన్లో పెద్ద బోర్డున్న చోట నోరు తెరిచానో లేదో నాలుగు రూట్ కెనాళ్ళు, నాలుగు జిర్కోనియా క్యాపులు అని ఎస్టిమేట్ చేతిలో పెట్టేశారు. ఈవిడ అలా కాదు, ఒక్కో పన్ను మీద గాలి కొట్టి, చల్లటి దూది ఆనించి, ఏది జివ్వుమంటుంది, జివ్వుమన్నాక ఎంతసేపు ఉంటుంది అని అడిగి, అప్పుడు చిన్న ఎక్స్‌రే తీసి స్క్రీన్ నా వైపు తిప్పారు. పుచ్చు నరం దాకా దిగింది ఒక్కదాంట్లోనే, దానికే రూట్ కెనాల్, రెండిటికి సిమెంట్ చాలు, నాలుగోది ఉత్త మరకండి దాని జోలికెళ్ళొద్దు అన్నారు. ఆ మరక పన్ను ఇప్పటికీ గట్టిగానే ఉంది, జంతికలు దాంతోనే నములుతున్నా.

మా నాన్నగారికి షుగరు, స్టెంట్ వేశారు కాబట్టి రక్తం పల్చబడే బిళ్ళ కూడా. దవడ పన్ను పీకించాలంటే ఊళ్ళో ఆర్ఎంపీ గారు ఆ బిళ్ళ వారం ఆపేసి వెళ్ళమన్నారు. ఈవిడ వినగానే అమ్మో మీ అంతట మీరు ఆపకండి అని మా ముందే గుండె డాక్టర్ గారికి ఫోన్ చేసి, బిళ్ళ ఆపకుండానే పన్ను తీసి కుట్టు వేసి, దూది కొరికి పట్టుకోమని చాలాసేపు బయట కూర్చోబెట్టారు, రక్తం ఆగిందని చూశాకే పంపారు.

మా చిన్నోడి వెనక పన్నుకి మచ్చొస్తే అత్తయ్య పాలపన్నేగా ఊడిపోద్దిలే అంది. కాదంట. పాలపళ్ళు 20 అయితే ఇది వాటి వెనకాల ఆరో ఏట, ఏ పన్నూ ఊడకుండానే కొత్తగా వచ్చేది, ఇక మళ్ళీ రాదు.

తమ్ముడి జ్ఞానదంతం అడ్డంగా పడుకుంది, ఇది నేను తీసేది కాదని నోటి సర్జన్ ఉంటారని భీమవరం డెంటల్ కాలేజీకి రాసిచ్చారు, మాకు చించినాడ వంతెన దాటితే దగ్గరే.

ఇక చిరాకులు. ఫోన్ ఎత్తరు. టైమ్ ఇచ్చినా కూర్చోవాల్సిందే. నా క్యాప్ ల్యాబ్ నుంచి ఆలస్యంగా వచ్చింది, వచ్చాక కొరికితే ఎత్తుగా తగిలింది, రంగు కాగితం పెట్టి కొరికించి అరగదీశారు కానీ దానికోసం మళ్ళీ బస్సెక్కాల్సొచ్చింది. వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, సాయంత్రమంతా కాలేజీ పిల్లల క్లిప్పుల రద్దీ. ఆ క్లిప్పులు వేసేది మాత్రం బయటి నుంచి వచ్చే వేరే డాక్టర్, ఆయన పని ఎలా ఉంటుందో తెలీదు, మా ఇంట్లో ఎవరూ చేయించుకోలేదండి.